రెండు లక్షల నలభై వేల కిలోమీటర్లు

దసరా మర్నాడు ఆటోనగర్ నిద్రపోతుంది. ముందురోజు ఆయుధపూజకి షెడ్డు కడిగి పానాలకి, జాకీలకి, చివరికి వెల్డింగ్ మిషనుకి కూడా పసుపూ కుంకుమా పెట్టాం. పగలగొట్టిన గుమ్మడికాయ ముక్కలు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి, వాటి మీద ఈగలు. పనిపిల్లలు ఊళ్లకి పోయారు. మా ఆయన ఖాళీగా దొరికే రోజులు ఏడాదికి ఒకటో రెండో. మా తమ్ముడు అందుకే ఈ రోజు చూసుకుని వచ్చాడని వాడు ఫోను పట్టుకున్న తీరు చూడగానే అర్థమైంది.

నా సంగతి ఒక్క మాట. మా ఆయన డీజిల్ మెకానిక్కు. షెడ్డు లెక్కల పుస్తకం ఇరవై రెండేళ్లుగా నేనే రాస్తున్నాను. నాకు ఇంజన్లు తెలియవు. ఏ బండి ఏ నెలలో వచ్చింది, ఎంతయింది, డబ్బు తీసేటప్పుడు ఓనరు మొహం ఎలా పెట్టాడు, ఇవి తెలుసు. 2025లో ఆ దసరా మర్నాడు వాళ్లిద్దరి మధ్య జరిగిన వాదన లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాను. ఇది అదే. మధ్యలో తిట్లు మాత్రం తీసేశాను.

తమ్ముడు: బావా, ముందే చెబుతున్నా, మీటరు వినగానే మొహం మాడ్చకు. ఫార్చ్యూనర్. 2012 మార్చి. మూడు లీటర్ల ఇంజను, మాన్యువల్, ఫోర్ బై ఫోర్. ఏపీ 27 నంబరు, ఒంగోలు బండి. మొదట్నుంచీ ఒక్కడే ఓనరు. తొమ్మిదిన్నర అంటున్నాడు, తొమ్మిదికి దిగుతాడు.

ఆయన: ఎంత తిరిగింది?

తమ్ముడు: రెండు లక్షల నలభై వేలు.

ఆయన: మాడ్చలేదుగా. చెప్పు.

తమ్ముడు: ఇంట్లో అందరూ మాడ్చారు. మా మామగారైతే అంత తిరిగిన బండి కొనడం, పెళ్లికూతురు కాటికి కాళ్లు చాపుకున్నాక పెళ్లిచూపులకి పోవడం లాంటిదన్నాడు. ఆయన చూపించిన బండి ఇంకోటుంది. ఇక్కడే పాత బండ్ల కన్సల్టెన్సీలో పెట్టారు. అదీ ఫార్చ్యూనరే, 2013, ఏపీ 09, హైదరాబాద్ బండి. ఎనభై ఎనిమిది వేలే తిరిగింది. పదకొండున్నర. రెండు లక్షలు ఎక్కువైనా అదే తీసుకోమంటాడు.

ఆయన: నువ్వేమన్నావు?

తమ్ముడు: నువ్వు నాకు చెప్పిందే ఆయనకి చెప్పాను. కిలోమీటర్లు కాదు మామయ్యా, గంటలు చూడాలి అన్నాను. ఒంగోలు బండి చెన్నై, హైదరాబాద్ హైవేల మీద తిరిగింది. సగటున గంటకి అరవై వేసుకో. రెండు లక్షల నలభై వేలకి నాలుగు వేల గంటలు. హైదరాబాద్ బండి అమీర్‌పేటలో, పంజాగుట్టలో పాకింది. గంటకి పదిహేను కంటే నడవదు. ఎనభై ఎనిమిది వేలకి దగ్గర దగ్గర ఆరు వేల గంటలు. ఏసీ వేసుకుని నిలబెట్టిన గంటలు మీటరెక్కవు, ఇంజనెక్కుతాయి. ఏ ఇంజను ముసలిది?

ఆయన: లెక్క బాగానే చెప్పావు. ఆ ఎనభై ఎనిమిది వేలు నిజమైతే.

తమ్ముడు: నిజం కాదా?

ఆయన: పన్నెండేళ్ల బండి. ఏడాదికి ఏడు వేలు. అంటే రోజుకి ఇరవై కిలోమీటర్లు. అంత డబ్బు పోసి ఫార్చ్యూనర్ కొన్నవాడు రోజుకి ఇరవై కిలోమీటర్లే తిప్పాడంటే ఉండొచ్చు, లేదనను. మూడేళ్ల కింద ఒక బండి వచ్చింది, నీకు గుర్తుందా అక్కకి గుర్తుందా తెలీదు. మీటరు మీద లక్షా పద్దెనిమిది వేలు. సీటు కొత్తది, స్టీరింగుకి కొత్త తొడుగు. నాకు మొదట అనుమానం వచ్చింది క్లచ్ పెడల్ చూసి. రబ్బరు మీద గీతలే లేవు, నున్నగా అరిగిపోయింది. తర్వాత టైమింగ్ బెల్టు కవరు విప్పాను. లోపలివైపు ఎవడో మెకానిక్కు మార్కరుతో తేదీ వేసి, బెల్టు మార్చినప్పటి రీడింగు రాసుకున్నాడు. లక్షా యాభై రెండు వేలు.

తమ్ముడు: లక్షా పద్దెనిమిది తిరిగిన బండికి లక్షా యాభై రెండులో బెల్టు మార్చారన్నమాట.

ఆయన: రేపు తిరగబోయే కిలోమీటర్లు కూడా నిన్నే రాసిపెట్టారు. మీటరు తిప్పడం పది నిమిషాల పని. అరుగుదలని తిప్పేవాడు ఇంకా పుట్టలేదు. పెడల్ రబ్బరు, డ్రైవరు సీటు కుడి అంచు, పవర్ విండో బటన్ల మీద బొమ్మలు చూడు. షోరూమ్ ట్రాక్ తీయించు, ప్రతి సర్వీసుకీ రీడింగు ఉంటుంది. ఇన్సూరెన్సు కాగితాలు, పొల్యూషన్ సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి చూడు.

నాకు గుర్తుంది. ఆ బండి కొన్నది ఒక లెక్చరరు. కవరు లోపలి అంకె చూపించాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు, బిల్లు కట్టి వెళ్లిపోయాడు. అమ్మినవాళ్లతో గొడవపడ్డాడో లేదో తెలీదు. బండి మాత్రం మళ్లీ మా షెడ్డుకి రాలేదు. చెడ్డవార్త చెప్పినచోటికి మనుషులు మళ్లీ రారు, అది ఆస్పత్రైనా షెడ్డైనా.

తమ్ముడు: అందుకే కదా బావా, నాకు ఎక్కువ తిరిగిన బండే నచ్చింది. రెండు నలభై అని చెప్పుకున్నవాడు మీటరు తిప్పినవాడు కాదు. తిప్పేవాడు తొంభై దగ్గర ఆపుతాడు. ట్రాక్ మొత్తం ఉంది, నేను చూశాను. లక్షా నలభై ఎనిమిది వేలలో బెల్టు మార్చారు.

ఆయన: ఎప్పుడు?

తమ్ముడు: 2018లో.

ఆయన: ఆ ఇంజనులో బెల్టుకి లక్షన్నర కిలోమీటర్లు. దాటగానే మీటర్లో దీపం వెలుగుతుంది. ఆ లెక్కన మూడు లక్షలదాకా పని లేదు. కానీ అది రబ్బరు. అది కిలోమీటర్లతోపాటు ఏళ్లు కూడా లెక్కపెట్టుకుంటుంది. ఏడేళ్లయింది. కొన్నవెంటనే బెల్టు, టెన్షనరు, పనిలోపనిగా వాటర్ పంపు. ఆ బెల్టు నడుస్తుండగా తెగిందా, వాల్వులు పోయి పిస్టన్ల మీద పడతాయి. తర్వాత నువ్వు నాతో మాట్లాడేది బండి గురించి కాదు, ఇంజను దింపడం గురించి.

తమ్ముడు: అది తర్వాత చూద్దాంలే బావా, ముందు బండి...

నేను నవ్వాను. ఇద్దరూ నా వైపు చూశారు. నా లెక్కల పుస్తకంలో 'త.చూ.' అని ఒక గుర్తు ఉంది. మా ఆయన ఫలానాది మార్చాలి అంటాడు, ఓనరు తర్వాత చూద్దాం అంటాడు, నేను ఆ పని పేరు పక్కన త.చూ. అని రాస్తాను. మా తమ్ముడు బండి కొనకముందే మొదటి త.చూ. రాయించుకున్నాడు.

ఆయన: విన్నావా మీ అక్క నవ్వు? నా వాదన అంతే. నాకు బండి మీద పేచీ లేదు. రెండు నలభై ఆ ఇంజనుకి పెద్ద వయసు కాదు, నేను మూడున్నర, నాలుగు లక్షలవి చూస్తున్నాను. నాకు పేచీ నీ మీద.

తమ్ముడు: నా మీదా?

ఆయన: ఆ ఒంగోలాయన ఏం చేస్తాడు?

తమ్ముడు: చీమకుర్తిలో గ్రానైటు.

ఆయన: సరే. ఆయన బండికి డ్రైవరున్నాడు. పదివేల కిలోమీటర్లకి బండి షోరూముకి పోయిందంటే ఈయనకి తెలియను కూడా తెలీదు, బిల్లు ఆఫీసుకి పోతుంది. నాలుగు టైర్లు మార్చాలంటే మార్చేశారు. క్లచ్ అంటే క్లచ్. ఆ బండి రెండు నలభై తిరిగి ఇంకా బాగుందంటే దాని వెనక పదమూడేళ్లపాటు ఒకడు అడగ్గానే డబ్బు తీశాడు. ఇప్పుడది నీ చేతికొస్తుంది. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెడితే ఆర్సీ నీ పేరుకి మారుతుంది. ఆయన డబ్బు తీసే అలవాటు మారదు.

తమ్ముడు: అంటే పెద్ద బండి పెద్దవాళ్లకేనంటావు.

ఆయన: పెద్ద బండి ఖరీదు తగ్గింది, దాని తిండి తగ్గలేదంటున్నాను. తొమ్మిది లక్షలకి నువ్వు కొనేది పాతిక లక్షల బండి. అది కొత్తలో ఎంత ఖరీదు బండో, సామాన్లు ఇవాళ్టికీ ఆ లెక్కలోనే. టైరు 265 వెడల్పు, పదిహేడు అంగుళాల చక్రం. నాలుగు టైర్లకి నీ పాత కారులో సగం వస్తుంది. నాలుగు ఇంజెక్టర్లు కొత్తవి వేస్తే లక్ష దాటుతుంది.

తమ్ముడు: ఇంజెక్టర్లు ఎందుకు పోతాయి? ఊరికే భయపెట్టకు.

ఇక్కడ మా ఆయన లేచి, బల్ల కింద డబ్బాలోంచి ఒక చిన్న రాగి వాషరు తీసి తమ్ముడి అరచేతిలో పెట్టాడు. పావలా బిళ్లంత కూడా లేదు. ఆయనకి ఇదొక అలవాటు. మాట నమ్మనివాడి చేతిలో వస్తువు పెడతాడు. పెళ్లయిన కొత్తలో నాకూ ఇలాగే అరిగిన పిస్టన్ రింగులు పెట్టేవాడు.

ఆయన: కారు టైర్లో గాలి ఎంతుంటుంది? రెండు బార్లకి కాస్త పైన. ఈ ఇంజనులో రైలు పైపులో డీజిలు వెయ్యి బార్లు దాటి ఉంటుంది. ఆ ఒత్తిడి మీద ఇంజెక్టరు డీజిల్ని పొగమంచులా చిమ్ముతుంది. ఇంజెక్టరు కూర్చునే చోట కింద ఈ వాషరు. లోపల మండే మంట పైకి రాకుండా ఆపేది ఇదే. ఏళ్లు గడిచేకొద్దీ ఇది కాలి పల్చనవుతుంది. అప్పుడు మంట పైకి తన్నుతుంది. ఆ మసి ఆయిల్లో కలుస్తుంది, తారులా మారి కిందకి దిగి ఆయిలు పీల్చే జల్లెడని మూసేస్తుంది. బయటికి ఏమీ తెలీదు. ఒకరోజు హైవే మీద ఆయిలు దీపం వెలుగుతుంది. అది వెలిగేసరికి బేరింగులు పోయి ఉంటాయి.

తమ్ముడు: దీని ఖరీదెంత?

ఆయన: వందల్లో. మార్చే కూలితో కలిపినా కొన్ని వేలు. టైముకి మారిస్తే అంతే, మార్చకపోతే ఇంజను. డీజిలంటే ఇదీ. ఇది పేదవాడి దగ్గర డబ్బు దాచుకోనిచ్చి, ఒకేసారి మొత్తం లాక్కుంటుంది.

తమ్ముడు: ఒంగోలాయన మార్పించాడా లేదా ట్రాక్‌లో చూస్తే తెలుస్తుంది. నువ్వు చెప్పేవన్నీ చూడదగ్గవే బావా. చూడదగ్గవాటికి భయపడటమెందుకు? చూడలేనివాటికి కదా భయపడాలి.

ఈ మాట మా ఆయనకి తగిలింది. కాసేపు వాషరునే తిప్పుతూ కూర్చున్నాడు. నేను టీ పెట్టి తెచ్చేసరికి ఇద్దరూ ఎలా చూడాలి అన్నదాంట్లో పడ్డారు. వాదన పక్కనపెట్టి పాఠం చెప్పడం మొదలుపెడితే మెకానిక్కు సగం లొంగినట్టే. ఆ పాఠం అంతా రాయను, పనికొచ్చేవి రాస్తాను.

బండి చూడ్డానికి తెల్లవారుజామున పోవాలి, చెప్పకుండా పోతే ఇంకా మేలు. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టాలి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయాలి. డీజిలు గుణం చల్లటి ఇంజనులోనే బయటపడుతుంది. నల్లపొగ కొద్దిగా వచ్చి ఆగితే పరవాలేదు. నీలంపొగ ఆయిలు మండుతున్నట్టు. తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంటు లోపలికి పోతున్నట్టు, లేదా డీజిలు సరిగ్గా మండనట్టు. ఇంజను తిరుగుతుండగా ఆయిలు మూత విప్పి బోర్లా పెట్టాలి. మూత గంతులేస్తే, పొగ గుప్పుగుప్పుమంటే బ్యాక్ కంప్రెషన్. ఆ ఇంజను బోరు అయిపోయింది, నమస్కారం పెట్టి రావడమే. ఆయిలు నల్లగా ఉందని బెదిరేవాళ్లని చూసి మా ఆయన నవ్వుకుంటాడు. డీజిల్లో కొత్త ఆయిలు పోసిన వారానికే నల్లబడుతుంది. భయపడాల్సింది పాలటీ రంగుకి.

తమ్ముడు: ఒంగోలు కాబట్టి ఉప్పుగాలి సంగతి?

ఆయన: ఒంగోలు ఊళ్లో పరవాలేదు. భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండి అయితే కొనొద్దనేవాణ్ణి. పైన అద్దంలా మెరుస్తుంది, కింద చాసీ పెచ్చులూడుతుంది. ఎలాగైనా కింద పడుకుని టార్చి వేసి చూడాలి. కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఎందుకు కొట్టారో అడగాలి. నాకు ఉప్పు కంటే చీమకుర్తి దుమ్ము భయం. క్వారీ దుమ్ములో ఎయిర్ ఫిల్టరు ఒక్కసారి సరిగ్గా కూర్చోకపోతే చాలు, ఆ రాతిపొడి టర్బోనీ బోరునీ గరుకుకాగితంలా గీకేస్తుంది.

తమ్ముడు: క్వారీకి ఆయనకి వేరే జీపు ఉందట. ఇది ఇంటి బండి.

ఆయన: అందరికీ అది ఇంటి బండే. తలుపు బందుల సందుల్లో, వెనక సీటు కింద వేలు పెట్టి చూడు. నీళ్లలో మునిగిన బండికీ అదే పరీక్ష. పోయినేడాది సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపునుంచి మనకి ఎన్ని బండ్లు వచ్చాయి! సీట్ల పైదాకా బురద. వాటిలో చాలా ఇన్సూరెన్సువాళ్లు తీసుకుని వేలం వేశారు. అవన్నీ ఎక్కడికి పోయాయనుకున్నావు? ఎక్కడో కడిగించుకుని, సెంటు కొట్టించుకుని మళ్లీ రోడ్డెక్కాయి. సీటు బెల్టు చివరికంటా బయటికి లాగు. చుట్ట లోపలి భాగాన్ని కడగాలని ఎవడికీ తోచదు. అక్కడ బురద చార ఉంటే అయిపోయింది.

తమ్ముడు: మా ఫ్రెండు ఢిల్లీ నుంచి తెచ్చుకున్నాడు, ఇదే బండి ఆరు లక్షలకి.

ఆయన: ఢిల్లీ బండి జోలికి పోవద్దు. డీజిలుకి పదేళ్లే అని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు సరేనంది. అందుకే అక్కడ చవక. అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సు, కొత్త నంబరు, ఇవన్నీ అయ్యేసరికి చవక ఎక్కడుందో వెతుక్కోవాలి.

తమ్ముడు: మొన్న ఆగస్టులో అదే సుప్రీంకోర్టు వయసొక్కటీ చూసి చర్య తీసుకోవద్దంది కదా. అక్కడ ప్రభుత్వం వాదించింది నా మాటే. ఏడాదికి రెండు వేలు తిరిగిన బండీ లక్షలు తిరిగిన బండీ ఒక్కటేనా అని.

ఆయన: అది నీ మాటకి ఎదురుమాటరా! వాళ్లు తక్కువ తిరిగినదాన్ని బతకనివ్వమన్నారు. నువ్వు ఎక్కువ తిరిగినదాన్ని కొంటానంటున్నావు.

తమ్ముడు: రెండూ ఒకటే. బండి వయసు క్యాలెండర్లో లేదనే కదా.

ఆయన: మన దగ్గర క్యాలెండర్లోనే ఉంది. 2012 మార్చి బండికి 2027 మార్చితో పదిహేనేళ్లు నిండుతాయి. ఏడాదిన్నర కూడా లేదు. ఫిట్‌నెస్ చూపించి, అయిదువేల ఫీజు కట్టి, గ్రీన్ ట్యాక్సు కట్టి ఇంకో అయిదేళ్లకి రెన్యువల్ చేయించుకోవాలి. ఇరవై ఏళ్లు దాటాక ఫీజు పదివేలు. ఇవాళ అయిదువేలు పెద్ద లెక్క కాదు. రేపు రూలు ఎటు మారుతుందో నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. తొమ్మిదికి కొన్నది నాలుగేళ్ల తర్వాత అమ్ముకోలేకపోతే?

తమ్ముడు: అమ్మను. నాతోనే పోతుంది.

ఆయన: అమ్మేవాళ్లందరూ కొనేరోజు ఇదే అంటారు. సరే, అసలు సంగతికి రా. ఏడాదికి ఎంత తిప్పుతావు?

తమ్ముడు: వారానికోసారి నూజివీడు తోటకి. రానూపోనూ తొంభై. ఏడాదికోసారి తిరుపతి. పెళ్లిళ్లు.

నేను లెక్క వేసి చెప్పాను. ఏడు వేలు.

ఆయన: ఏడు వేలు. లీటరుకి పది ఇస్తుంది ఆ బండి. ఏడువందల లీటర్లు, తొంభై ఏడు లెక్కన అరవై ఎనిమిది వేలు. చిన్న పెట్రోలు కారు పదహారు ఇచ్చినా, నూటతొమ్మిది రూపాయల లెక్కన నలభై ఎనిమిది వేలు దాటదు. డీజిలు చవక అని కొనే రోజులు పోయాయి. 2012లో పెట్రోలుకీ డీజిలుకీ మధ్య లీటరుకి ఇరవై రూపాయల పైన తేడా ఉండేది, అందుకే ఊరంతా డీజిలు కొంది. ఆ తేడా ఇప్పుడు పన్నెండు దగ్గరకొచ్చింది. మొన్న సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. నీ తొమ్మిది లక్షలకి కొత్త కారు వస్తుంది, వారంటీతో.

తమ్ముడు: ఆ కొత్త పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు పోస్తున్నారు. డీజిల్లో ఆ గోల లేదు. నూజివీడు తోటలోకి చివరి రెండు కిలోమీటర్లు వానాకాలం ఏ చిన్నకారూ రాదు, నీ కారే పోయినసారి ట్రాక్టరుతో లాగించాం. మామిడి సీజన్లో పెట్టెలు ఎక్కించుకుని నున్న మార్కెట్‌కి రావాలి. ఇంకోటి చెబితే నవ్వుతావు.

ఆయన: చెప్పు, ఇప్పటికే నవ్వుతున్నా.

తమ్ముడు: నున్నలో షేట్లు కాయ చూడకముందు బండి చూస్తారు. ఆల్టోలో దిగినవాడు ఇవాళే అమ్ముకోవాలి అనుకుంటారు. ఫార్చ్యూనరులో దిగినవాడు రేటు నచ్చకపోతే వెనక్కి తీసుకుపోతాడనుకుంటారు. టన్నుకి వెయ్యి తేడా వస్తుంది.

మా ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. మా నాన్న ముప్పై ఏళ్లు ఎడ్లబండి మీద, తర్వాత మాట్లాడుకున్న ఆటోలో అదే మార్కెట్‌కి కాయ తోలాడు, ఎప్పుడూ ఆ పూటే అమ్ముకుని వచ్చాడు. తమ్ముడికి ఆ బండి ఎందుకు కావాలో నాకు అప్పుడు తెలిసింది. వాడికే తెలుసో లేదో. అయితే నా పుస్తకంలో ఇంకో సంగతి కూడా ఉంది. వ్యాపారస్తుల దగ్గర్నుంచి రైతులూ ఉద్యోగస్తులూ కొన్న పెద్ద డీజిలు బండ్లు మా షెడ్డుకి తొమ్మిది వచ్చాయి. మొదటి ఏడాది ప్రతి పేజీలోనూ ఆయిలు, ఫిల్టర్లు, రసీదులు. రెండో ఏడాది త.చూ. మొదలవుతుంది. మూడో ఏడాదికి కొన్ని పేజీలు ఖాళీ. ఆ తొమ్మిదింట్లో రెండింటి ఓనర్లు మాత్రం ఇప్పటికీ నెల తప్పకుండా వస్తున్నారు. ఒకాయన టీచరు. ఆయన జీతంలోంచి ప్రతి నెలా రెండు వేలు బండి పేరు మీద వేరే డబ్బాలో వేస్తాడట. ఇది చెప్పాను.

తమ్ముడు: నేను నాలుగు వేలు వేస్తాను. అక్క దగ్గరే దాస్తాను.

ఆయన: మొదటి ఏడాదికి లక్షన్నర పక్కన పెట్టుకునే కొను. బెల్టు, వాషర్లు, బుష్‌లు, బ్యాటరీ, టైర్ల తేదీ చూడాలి. అంటే తొమ్మిది కాదు, పదిన్నర. ఆ లెక్కన ఎనిమిదికి బేరం ఆడు.

తమ్ముడు: ఎనిమిదికి ఇవ్వడు బావా. ఆయన అదో రకం. నిన్న ఫోను చేస్తే ధర మాట్లాడకముందు నన్నే అడిగాడు. బాబూ, బండి ఏడాదికి ఎంత తిప్పుతారు, ఎవరు నడుపుతారు, ఎక్కడ సర్వీసు చేయిస్తారు అని. పేరు మార్పిడి నా ముందే ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, లేకపోతే తాళం ఇవ్వనన్నాడు. ఏడాదికి ఏడువేలే అంటే, వారానికోసారైనా ముప్పై నలభై కిలోమీటర్లు ఆపకుండా తోలండి, లేకపోతే పాడవుతుందన్నాడు.

మా ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

ఆయన: అడిగాడా అలాగా?

తమ్ముడు: అడిగాడు.

ఆయన: డ్రైవరా, ఆయనేనా?

తమ్ముడు: ఆయనే. బండి ఇంజెక్టర్ల వాషర్లు ఏ నెలలో మార్పించాడో కూడా చెప్పాడు. అప్పుడు నాకు వాషరంటే ఏంటో తెలీక ఊ కొట్టాను.

కన్సల్టెన్సీల్లో బండి అమ్మేవాళ్లు ఇలా అడగరు. పేరు మార్చకుండా అమ్మితే తర్వాత ప్రమాదం జరిగినప్పుడు పరిహారం పాత ఓనరే కట్టాలని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి ఒంగోలాయన పేరు మార్పిడికి పట్టుబట్టాడనుకోవచ్చు. మిగతా ప్రశ్నలకి మాత్రం ఏ కోర్టూ కారణం కాదు.

ఆయన: ఒంగోలు ఎంతసేపు?

తమ్ముడు: రెండున్నర గంటలు.

ఆయన: ఆరింటికి అక్కడ ఉండాలి. మూడుకి బయల్దేరాలి. నా కారులోనే పోదాం. చెప్పకు వస్తున్నట్టు.

తమ్ముడు: అడ్వాన్సుకి లక్ష తెచ్చాను, రేపే ఇచ్చేస్తే...

ఆయన: ఆ లక్ష ఇటివ్వు. మీ అక్క దగ్గర ఉంటుంది. రేపు టార్చీ, స్కానరూ, ఒక పాత లుంగీ చాలు.

తమ్ముడు: లుంగీ ఎందుకు?

ఆయన: బండి కింద పడుకునేది నువ్వు. నేను పైనుంచి చెబుతా.